డోర్కింగ్ ఊరి పాత బొమ్మ కార్డు: ఏ ఏడాదిది, కాటన్ దొర పంపిందేనా?

భోషాణం_కాగితాలు (నరసాపురం)

నమస్కారమండి. పాత దస్తావేజుల కట్టలో ఇంగ్లాండు బొమ్మ కార్డు ఒకటి దొరికింది. ఏ కాలం నాటిదో తేల్చడానికి తెలిసినవాళ్ళ సాయం కావాలి.

బొమ్మ వైపు రంగుల్లో ఒక బజారు వీధి, అడుగున ఎర్రసిరాతో ‘హై స్ట్రీట్, డోర్కింగ్’ అని అచ్చు. ఒక పక్క కాలిబాట రోడ్డు కంటే బాగా ఎత్తులో ఉంది, అంచున ఇనప కమ్మీ. రెండు గుర్రబ్బళ్ళు, దూరంగా ఒక మోటారు కారు, ఇళ్ళ కప్పుల వెనక చర్చి శిఖరం. బొమ్మ కింద తెల్ల అంచులో పెన్నుతో రెండు వరుసలు రాసుంది, సిరా వెలిసిపోయింది.

వెనక వైపు మధ్యలో నిలువు గీత. ఎడమ సగం పైన ‘ఈ జాగాలో ఉత్తరం రాయడం దేశం లోపలి టపాకి మాత్రమే’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. ఆ సగం ఖాళీగా ఉంది. కుడి వైపు ఒక మిస్ గారి పేరు, నర్సాపూర్, కిస్ట్నా డిస్ట్రిక్ట్, మద్రాస్ ప్రెసిడెన్సీ. స్టాంపు ఎవరో ఊడబీకేశారు. నల్ల ముద్రలో ‘కింగ్’ అనే తోక, ‘ఎస్‌పి’ అనే రెండక్షరాలు మాత్రం మిగిలాయి. ఏడాది స్టాంపుతో పాటే పోయింది.

కాటన్ దొర చివరి రోజుల్లో ఆ ఊళ్ళోనే ఉండేవారు కాబట్టి ఇది ఆయన పంపిందేనని ఇంట్లో పెద్దవాళ్ళ నమ్మకం. అలా అయ్యే వీలుందా? ఇంకో మాట, అంచుల్లో గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి. లామినేషన్ చేయించెయ్యమంటున్నారు. చేయించొచ్చా?

తపాలా_ముద్ర (కాకినాడ)

లామినేషన్ జోలికి వెళ్ళకండి. ఆ సంగతి వేరేవాళ్ళు చెబుతారు గానీ, ముందు కార్డుని వెనక్కి తిప్పండి. అందరూ బొమ్మ చూసి కాలం చెప్పాలనుకుంటారు. అసలు సాక్ష్యమంతా వెనక వైపే ఉంటుంది.

బ్రిటన్లో పోస్టుకార్డు మొదలైంది 1870 అక్టోబరు 1న. అది బొమ్మ లేని సర్కారు కార్డు, అర పెన్నీ. మన దగ్గర పావు అణా కార్డు 1879లో వచ్చింది. ప్రైవేటువాళ్ళు అచ్చేసిన కార్డుకి స్టాంపు అంటించి పంపుకోవచ్చని బ్రిటిష్ తపాలా శాఖ ఒప్పుకున్నది 1894 సెప్టెంబరులో. అప్పటికీ కార్డు చిన్నది. ఇప్పుడు మనం చూసే ఐదున్నర అంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు సైజుకి 1899 నవంబరులో గానీ అనుమతి రాలేదు. మీ కార్డు కొలిచి చూడండి, 140 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది.

ఇక ఆ నిలువు గీత. 1902 దాకా వెనక వైపు మొత్తం అడ్రసుకే. ఉత్తరం రాయాలంటే బొమ్మ పక్కనున్న తెల్ల జాగాలోనే గతి. 1902లో బ్రిటన్ మొదటిసారి వెనక వైపుని రెండు సగాలు చేసి, ఎడమ సగంలో ఉత్తరం రాసుకోనిచ్చింది. ఫ్రాన్సు, జర్మనీ ఆ తర్వాత వచ్చాయి, అమెరికా అయితే 1907లో. కాటన్ దొర పోయింది 1899 జులై 24న. నిలువు గీత ఉన్న బ్రిటిష్ కార్డు ఏదీ ఆయన చేతిలో పడే అవకాశమే లేదు. ఆ నమ్మకాన్ని ఇక్కడితో వదిలెయ్యండి.

‘దేశం లోపలి టపాకి మాత్రమే’ అన్న వాక్యం ఇంకా మంచి ఆధారం. 1902లో బ్రిటన్ ఒప్పుకున్నా మిగతా దేశాలన్నీ ఒప్పుకోలేదు. అందుకని అచ్చువాళ్ళు ఆ హెచ్చరిక వేసేవారు. 1906లో రోములో జరిగిన ప్రపంచ తపాలా మహాసభ రెండు సగాల కార్డుని అందరికీ ఖాయం చేసింది. అది 1907 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఈ హెచ్చరికకి అర్థం లేకుండా పోయింది. మీ కార్డులో ఎడమ సగం ఖాళీగా వదిలి బొమ్మ కింద రాశారంటే, పంపినవారు ఆ వాక్యాన్ని చదివి పాటించారన్నమాట. 1902 నుంచి 1907 లోపు పడిన కార్డు అనుకోవచ్చు. అయితే కొట్టులో మిగిలిపోయిన పాత సరుకుని నాలుగైదేళ్ళ తర్వాత కూడా కొని పంపేవారు. అచ్చు కాలం, పోస్టు చేసిన కాలం ఒకటే అనుకోకూడదు.

ఇప్పుడు అడ్రసు. గోదావరి జిల్లాలో ఉన్న నర్సాపురం, భీమవరం, తణుకు, ఏలూరు, యర్నగూడెం తాలూకాల్ని కృష్ణా జిల్లాలో కలిపింది 1904లో. 1925లో వాటితోనే పశ్చిమ గోదావరి ఏర్పడింది. కాబట్టి నర్సాపురం పక్కన ‘కిస్ట్నా’ అని రాసున్న కార్డు 1904కి ముందుది కాదు. దీనికి తిరకాసు కూడా ఉంది: ‘గోదావరి డిస్ట్రిక్ట్’ అని ఉంటే మాత్రం 1904కి ముందుదని చెప్పలేం. జిల్లా మారిన కబురు ఇంగ్లాండులో వాళ్ళకి చేరక పాత అలవాటు మీద రాసి ఉండొచ్చు. కొత్త పేరు రాస్తే గట్టి సాక్ష్యం, పాత పేరు రాస్తే బలహీనం.

‘ఎస్‌పి’ అంటే సెప్టెంబరు. అప్పటి బ్రిటిష్ ముద్రల్లో నెలకి రెండే అక్షరాలు. జేఏ జనవరి, జేయూ జూన్, జేవై జులై. ఈ మూడు దగ్గరా చాలామంది తడబడతారు. మామూలు వరస: పైన ఊరు, కింద టైము, దాని కింద నెల, తేదీ, అడుగున ఏడాది చివరి రెండంకెలు.

స్టాంపు ఊడిన చోట రంగు మరక ఏమైనా మిగిలిందా? అర పెన్నీ పచ్చన, పెన్నీ ఎరుపు. ఇండియాకి రావాలంటే పెన్నీ కావాలి. అర పెన్నీయే అంటించి ఉంటే రెండు కారణాలు ఉండొచ్చు: తక్కువ పడి ‘టి’ ముద్ర వేయించుకుని ఇక్కడ జరిమానా కట్టిన కార్డు, లేదా నాలుగైదు మాటల శుభాకాంక్ష తప్ప ఏమీ రాయకుండా అచ్చు కాగితాల రేటుకి వచ్చిన కార్డు. స్టాంపు అంచు ముక్క మిగిలుంటే దాన్ని గీకకండి. రాజు ముఖం కొంచెం కనబడినా చాలు. ఎడ్వర్డ్ కుడి వైపు చూస్తాడు, ఐదో జార్జి ఎడమ వైపు. జార్జి స్టాంపులు 1911 జూన్లో గానీ రాలేదు.

గట్టు_దిగువ (ధవళేశ్వరం)

కార్డు దొరది కాకపోయినా ఊరు మాత్రం దొరదేనండి. సర్రే కౌంటీలో లండనుకి దక్షిణంగా ఉన్న చిన్న బజారు ఊరు డోర్కింగ్. కాటన్ గారు ఇక్కడ ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. 1861లో సర్ అయ్యారు. ముసలితనం ఆ ఊళ్ళోనే గడిపి, 96వ ఏట పోయారు. సమాధి కూడా ఆ ఊరి శ్మశానంలోనే. పెద్దవయసులోనూ ఊరుకోలేదాయన. ఇంటి తోటలో నేలని లోతుగా తవ్వి గోధుమ వేసి, దిగుబడి ఎంత పెరుగుతుందో చూసేవారు. ఆయన కూతురు, తర్వాత లేడీ హోప్ అయినావిడ, 1870ల్లో అదే ఊళ్ళో కూలీనాలీ జనం సారా కొట్టుకి పోకుండా కాఫీ గది నడిపింది.

బొమ్మలో ఆ శిఖరం సెయింట్ మార్టిన్స్ చర్చిది అయ్యుండాలి. ఎత్తు 210 అడుగులు. 1877లో పూర్తయింది. దాన్ని బిషప్ విల్బర్‌ఫోర్స్ జ్ఞాపకంగా కట్టారు. ఆయన 1873లో ఆ చుట్టుపక్కలే గుర్రం మీద నుంచి పడి పోయాడు. అంటే శిఖరం దొర చూసిందే, ఆ మోటారు కారు మాత్రం ఆయన ఎరగనిది.

నర్సాపురం మిస్ గారంటే మిషను మనిషి కావచ్చు. గోదావరి డెల్టా మిషను 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరితో మొదలైంది. వాళ్ళది డెవన్‌లోని బార్న్‌స్టేపుల్. ఇంగ్లాండు నుంచి నర్సాపురానికి కార్డులు రావడంలో వింతేమీ లేదు.

భోషాణం_కాగితాలు

చాలా థ్యాంక్సండి. కొలిచాను, 139 మిల్లీమీటర్లు ఉంది. స్టాంపు చోట ఎర్ర మరక సన్నగా ఉంది. కార్డు మూల చిన్న అక్షరాల్లో ‘ఫ్రిత్, రైగేట్’ అని, బొమ్మ మూల ఒక ఐదంకెల నంబరు కనబడుతున్నాయి. అంటే ఫ్రిత్ అనే ఆయన తీసిన ఫోటోనా? ఆ రోజుల్లోనే కలర్ ఫోటోలు ఉండేవా?

కంటద్దం (రాజమండ్రి)

ఫ్రిత్ పేరుంది కదా అని ఫ్రిత్ తీశాడనుకోవద్దు. ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1898లోనే పోయాడు. అప్పటికి కంపెనీ కొడుకుల చేతిలో ఉంది. రైగేట్ కూడా సర్రేలోనే, డోర్కింగ్‌కి పక్క ఊరు. ఆ కంపెనీ జీతగాళ్ళు ఊరూరూ తిరిగి మెయిన్ రోడ్డు, చర్చి, వంతెన, కొండ మీంచి ఊరు, ఇలా వరసపెట్టి తీసేవారు. డోర్కింగ్ అయితే వాళ్ళకి గుమ్మం ముందున్నట్టే. పైగా పక్కనే బాక్స్ హిల్ ఉండటంతో లండను జనం సెలవు రోజున రైలెక్కి వచ్చేవారు, కార్డులు తెగ అమ్ముడుపోయేవి. అందుకే హై స్ట్రీట్ కార్డులు ఇప్పటికీ కొల్లలుగా దొరుకుతాయి.

ఆ నంబరు నెగెటివ్‌ది, కార్డుది కాదు. ఫోటో ఎప్పుడు తీశారో చెబుతుంది, కార్డు ఎప్పుడు అచ్చేశారో చెప్పదు. ఒకే నెగెటివ్‌తో ఏళ్ళ తరబడి అచ్చేసేవారు. దానికి తోడు మోసం కూడా ఉంది: పాత బొమ్మ కొత్తగా కనబడాలని కారుని కొత్తగా గీయించడం, పాతబడిన బండిని చెరిపేయడం, ఆకాశంలో మబ్బులు పెట్టడం.

రంగు సంగతి. అది కలర్ ఫోటో కాదు. నలుపు తెలుపు ఫోటో మీద అచ్చు కొట్లో రాళ్ళతో ఒక్కో రంగూ విడివిడిగా దించిన పని. 1914 యుద్ధానికి ముందు బ్రిటిష్ కార్డుల్లో చాలా వాటిని జర్మనీలోనే అచ్చేయించేవారు. డోర్కింగ్ మొహమే ఎరగని పనివాడు పెంకులకి ఎరుపు, తలుపులకి పచ్చ వేసేస్తాడు. కాబట్టి ‘ఈ కొట్టు తలుపు పచ్చగా ఉండేది’ అని రంగుల్ని బట్టి ఏమీ రాయకండి.

వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి. కార్డుని కిటికీ వెలుతురులో పెట్టి, ఆకాశం ఉన్న చోటు కాకుండా గోడ నీడలో చూడండి. వార్తాపత్రిక ఫోటోలో లాగా వరసగా చుక్కలు కనబడితే హాఫ్‌టోన్ అనే అచ్చు. మెలికలు తిరిగిన సన్నటి ముడతల్లాంటి నలుసు కనబడితే కొల్లోటైపు అనే అచ్చు. గాజు పలక మీద జిలటిన్ పూత పగిలిన గుర్తు అది. ఏమీ లేకుండా నీడ నునుపుగా కలిసిపోతే అసలు ఫోటో కాగితం. దాన్ని వాలుగా పట్టుకుంటే అంచుల్లో నలుపు ఉన్న చోట వెండి మెరుపు కూడా కనబడుతుంది. కార్డు దేనితో చేసిందో తెలియకుండా నీళ్ళ తడి తగిలించకూడదు, అందుకోసమే ముందు ఇది చూడాలి.

తర్వాత స్కాన్ చేయండి. రెండు వైపులా 1200 డీపీఐలో, కలర్‌లో. ఫోన్ ఫోటో చాలదు. ముందు కారు నంబరు ప్లేటు చూడండి. బ్రిటన్లో బళ్ళకి నంబర్లు 1904 జనవరి 1 నుంచే. సర్రే కౌంటీకి ఇచ్చిన అక్షరం ‘పి’. దాని నంబర్లు నిండిపోయాక 1913లో ‘పిఏ’ మొదలైంది. రెండోది కొట్ల బోర్డులు. బోర్డు మీద ఒక్క పేరు చదవగలిగితే, కెల్లీస్ డైరెక్టరీల్లో వీధి వారీగా ఎవరి కొట్టు ఏ ఏడాది ఉందో దొరుకుతుంది. ఒక కొట్టు మొదలైన ఏడాది, పక్క కొట్టు మూసేసిన ఏడాది, ఈ రెండింటి మధ్య ఫోటో ఇరుక్కుంటుంది. నాకు తెలిసి ఇంతకంటే నికరమైన దారి లేదు. జనం వేసుకున్న టోపీలు చూసి కాలం చెప్పేవాళ్ళని మాత్రం నమ్మకండి. పల్లెటూళ్ళో ఫ్యాషను పదేళ్ళు వెనకబడే ఉంటుంది.

తపాలా_ముద్ర

కంటద్దం గారు చెప్పిన స్కాన్‌తోనే ఇంకో పని చేయండి. అప్పట్లో ఇక్కడి పోస్టాఫీసు కూడా కార్డు చేరగానే ఒక ముద్ర గుద్దేది. అడ్రసు వైపు జాగా లేకపోతే బొమ్మ మీదే కొట్టేసేవారు. రంగుల్లో కలిసిపోయి మామూలు కంటికి ఆనదు. చీకటి గదిలో టార్చి లైటుని కార్డుకి దాదాపు సమాంతరంగా పక్క నుంచి వెయ్యండి. ముద్ర దెబ్బకి కాగితం నొక్కుకుపోయిన గీత నీడగా లేస్తుంది. పెన్సిలు రుద్ది చూసే పని మాత్రం చెయ్యొద్దు, కార్డు పాడైపోతుంది.

లండను నుంచి బొంబాయికి టపా అప్పట్లో సుమారు రెండు వారాలు. ఏడెన్, బొంబాయి మధ్య ఓడలోనే ఉత్తరాలు వేరుచేసే సీ పోస్టాఫీసు 1914 దాకా ఉండేది. బొంబాయిలో దిగాక రైలు. నర్సాపురానికి రైలు ఇంకా రాని రోజులు కాబట్టి చివర్లో మరో రోజో రెండ్రోజులో కలుపుకోండి. బయల్దేరిన ముద్రకీ చేరిన ముద్రకీ మధ్య మూడు వారాలకి మించి తేడా ఉంటే మీరు తేదీ తప్పు చదివారేమోనని మళ్ళీ చూడండి.

భోషాణం_కాగితాలు

కారు ప్లేటు మీద మొదటి అక్షరం ‘పి’యేనండి, దాని తర్వాత అంకెలే ఉన్నాయి. టార్చి వేస్తే ఆకాశం భాగంలో గుండ్రటి ముద్ర లేచింది. ‘నర్సాపూర్’, కింద ‘ఓసి’, చివర ‘06’. భూతద్దంలో చుక్కలు వరసగా కనబడుతున్నాయి.

తపాలా_ముద్ర

ఆయ్, తేలిపోయింది కదండీ. సెప్టెంబరులో డోర్కింగ్‌లో పడి, 1906 అక్టోబరులో నర్సాపురం చేరింది. కిస్ట్నా అన్న మాట, సర్రే నంబరు, ఖాళీ ఎడమ సగం, ఎర్ర స్టాంపు మరక అన్నీ దాంతో కుదిరాయి. ఫోటో 1904కీ 1906కీ మధ్యది, ఆ కారు గీసిన కారు కాకపోతే.

ధర గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. అచ్చు కార్డు, మామూలు వీధి బొమ్మ, స్టాంపు లేదు. ఇంగ్లాండు సంతలో కొద్ది పౌండ్లు వస్తే ఎక్కువ. అదే బొమ్మ వాడని కార్డుగా ఇంతకంటే శుభ్రమైనది దొరుకుతుంది. కానీ 1906 నాటి నర్సాపురం ముద్ర ఉన్న డోర్కింగ్ కార్డు వాళ్ళకి దొరకదు. డోర్కింగ్ వెస్ట్ స్ట్రీట్‌లో ఊరి మ్యూజియం ఉంది. స్కాన్ పంపి, బొమ్మలో ఏయే కొట్లు కనబడుతున్నాయో అడగండి. అమ్మే ఆలోచన ఉంటే బొమ్మ కార్డులు సేకరించేవాళ్ళ కంటే, మన జిల్లాల తపాలా ముద్రలు పోగుచేసేవాళ్ళే విలువ కడతారు.

చెమ్మ_చెద (అమలాపురం)

ఇక దాచే సంగతి. లామినేషన్ వేడికి ప్లాస్టిక్ జిగురు కరిగి కాగితం నారలోకి దిగిపోతుంది, మళ్ళీ విడదీయలేరు. రేపు ఆ ముద్రని ఎవరైనా సరిగ్గా చూడాలన్నా దారి ఉండదు. సెల్లో టేపు కూడా అంతే, నాలుగేళ్ళకి పసుపు మరక పడుతుంది.

గోధుమ మచ్చలు బూజు వల్లా, కాగితంలో ఉన్న ఇనుము నలుసుల వల్లా వస్తాయి. రెండిటికీ చెమ్మే కారణం. గాలిలో తేమ 65 శాతం దాటి ఉండిపోతే బూజు లేస్తుంది. మన డెల్టాలో ముసురు పట్టిన నెలల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఎండలో ఆరబెడితే రంగులు వెలుస్తాయి, కార్డు విల్లులా వంగుతుంది. నీడలో, ఫ్యాను గాలి తగిలే చోట ఒక రోజు ఉంచి, మెత్తటి పొడి బ్రష్‌తో బయటికి తుడవండి. తడిగుడ్డ వద్దు, మచ్చ పోగొట్టే మందులు అసలే వద్దు.

తర్వాత పాలిస్టర్ కవరులో పెట్టండి. ఆల్బమ్ కొట్లో దొరికే మెత్తటి, వాసన వచ్చే పీవీసీ కవర్లు ఏళ్ళు గడిచేకొద్దీ అంటుకుపోయి రంగుని లాగేస్తాయి. వాసన చూస్తే తెలిసిపోతుంది. కవరు ఒక పక్క తెరిచే ఉంచాలి, లోపల తేమ మిగిలితే బయటికి పోవాలి కదా. వీటిని గట్టి మూతున్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పొట్లాలు కార్డుకి తగలకుండా అడుగున వేయండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు మార్చాలో కనబడుతుంది. డబ్బాని భోషాణంలోనో, గోడకి ఆనించిన బీరువా అడుగునో పెట్టకండి. చెద వచ్చేది గోడ నుంచే, వరద నీళ్ళు వచ్చేది నేల నుంచే. అటక మీద వేడి ఎక్కువ, కాబట్టి నడుం ఎత్తు అర మేలు. కలరా ఉండలు డబ్బాలో వేయడం మన ఇళ్ళల్లో అలవాటే గానీ, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్ కవర్లని మెత్తబరుస్తుంది. బయట బీరువాలో పెట్టుకోండి.

కార్డు మీద పెన్నుతో ఏమీ రాయకండి. రాయక తప్పకపోతే కవరు మీద కాగితం ముక్క అతికించి దాని మీద రాయండి.

వరదలో తడిస్తే ఏం చెయ్యాలో కూడా చెబుతా, ఆగస్టు వస్తే పనికొస్తుంది. అచ్చు కార్డు అయితే అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన చిన్న బరువు ఉంచి, కాగితాలు గంటకోసారి మార్చండి. అసలు ఫోటో కార్డు అయితే బొమ్మ మీద ఏదీ ఆనకూడదు. జిలటిన్ ఉబ్బి జిగురులా అవుతుంది, కాగితం ఆనిందంటే అతుక్కుపోతుంది. బొమ్మ పైకి ఉండేలా జల్లెడ మీద ఆరనివ్వండి. రెండు ఫోటో కార్డులు అంటుకుపోతే పొడిగా ఉన్నప్పుడు లాగకండి. చల్లటి శుభ్రమైన నీళ్ళలో ఉంచితే వాటంతటవే విడిపోయే అవకాశం ఉంది, కానీ వెనక సిరా రాత ఉంటే అది కరిగిపోతుంది, అప్పుడు ఏది కావాలో మీరే తేల్చుకోవాలి. చేత్తో రంగు వేసిన కార్డుని మాత్రం ఏ నీళ్ళలోనూ ముంచొద్దు.

భోషాణం_కాగితాలు

లామినేషన్ మానేశానండి. స్కాన్ రెండు వైపులా ఇక్కడే పెట్టాను. అంచులో వెలిసిపోయిన రెండు వరుసల రాత ఎవరైనా చదవగలరేమో చూడండి.

కంటద్దం

ఆ సిరా గోధుమరంగుకి తిరిగింది కాబట్టి స్కాన్‌లో నీలం ఛానెల్ ఒక్కటీ విడదీసి, కాంట్రాస్టు పెంచండి. గోధుమ సిరా అందులో నల్లగా లేస్తుంది. ఎర్ర ఛానెల్లో అయితే ఇంకా మాయమవుతుంది, పొరపాటున అది తీసుకోకండి. మొదటి వరుసలో ‘చర్చి’ అన్న మాట ఇప్పుడే కనబడుతోంది. మిగతాది ఛానెల్ విడదీసిన ఫైలు పెట్టాక చూద్దాం.